ఇల్లు కట్టే ముందు, పెరడు తవ్వే ముందు: నేల స్వభావాన్నీ భారలోహాలనూ కలిపి పరీక్షించడానికి సమగ్ర మార్గదర్శి

నేల గురించి అడిగేవాళ్ళు సాధారణంగా రెండు రకాలు. ఇల్లు కట్టబోయేవాళ్ళు "ఈ మట్టి బరువు మోస్తుందా" అంటారు. కూరగాయలు వేయబోయేవాళ్ళు "ఇందులో సీసం, ఆర్సెనిక్ లాంటివి ఉన్నాయా" అంటారు. ఒకే స్థలం గురించి రెండూ కలిపి అడిగేవాళ్ళు అరుదు.

చిక్కంతా అక్కడే వస్తుంది. ఉబ్బే బంకమట్టిని కుదురుగా ఉంచడానికి కలిపిన సున్నం ఆర్సెనిక్‌ను కదిలించవచ్చు. లోహాలున్న పైమట్టిని తీసేసిన గొయ్యి పునాది పక్కన నీళ్ళు నిలిచే గుంటగా మారవచ్చు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇలాంటి పనులకే సరిపోతుంది.

అందుకే ఇక్కడ ఏ పరీక్ష చేశామన్నదాని కంటే ఏది ముందు, ఏది వెనక అన్నదే ముఖ్యం. ముందు స్థలం పూర్వాపరాలు, తర్వాత కళ్ళతో చూడటం, ఆపైన లోహాల నమూనాలు. అవి తీశాకే లోతైన గొయ్యి. గొయ్యి ముందే తవ్వితే పైమట్టీ లోపలి మట్టీ కలిసిపోయి లోహాల లెక్క తప్పుతుంది.

ఇది భవనానికి లెక్కలు కట్టే ఇంజనీరు పనికి బదులు కాదు. ఆ ఇంజనీరును, ల్యాబ్‌ను ఏం అడగాలో తెలియడానికి.

## 1. స్థలం పూర్వాపరాలు తవ్వండి, మట్టి తర్వాత

పాత పటాలు, పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు, భూగర్భ పటం, పక్క స్థలంలో బోరు వేసినప్పుడు ఏ లోతులో ఏ మట్టి పడిందన్న వివరం సంపాదించండి. చుట్టుపక్కల పెద్దవాళ్ళను అడగండి. "ఇక్కడ ఇంతకుముందు ఏముండేది?" అన్న ఒక్క ప్రశ్న ల్యాబ్ ఖర్చును తగ్గిస్తుంది. ఏ లోహం కోసం వెతకాలో తెలిస్తే అన్నిటి కోసం వెతకక్కర్లేదు.

ఏ పని జరిగిన చోట ఏది మిగులుతుందో ఇదీ లెక్క:

- పాత పెయింటు గోడల అడుగున, రద్దీ రోడ్డు అంచున: సీసం. వాహనాలకు సీసం కలిపిన పెట్రోలు ప్రపంచమంతటా పూర్తిగా ఆగింది 2021లోనే. అంతకుముందు మట్టిలో చేరినది అక్కడే ఉంటుంది.
- బ్యాటరీలు విప్పిన, కరిగించిన చోట: సీసం, దానితోపాటు ఆమ్లం
- తోలు శుద్ధి: క్రోమియం
- లోహపు పూత వేసే పని: క్రోమియం, నికెల్, కాడ్మియం, జింక్
- కలపకు మందు పట్టించే పని: ఆర్సెనిక్, క్రోమియం, రాగి
- పాత పండ్ల తోటలు: సీసం, ఆర్సెనిక్. రెండూ కలిసిన పురుగుమందు ఒకప్పుడు చాలా దేశాల్లో వాడుకలో ఉండేది.
- ఏళ్ళ తరబడి ఫాస్ఫేట్ ఎరువు, మురుగు బురద వేసిన పొలం: కాడ్మియం, జింక్
- గని వ్యర్థాలు పోసిన చోట: సీసం, జింక్, ఆర్సెనిక్, కాడ్మియం. చిన్న బంగారు గనుల దగ్గర పాదరసం.

"ఫ్యాక్టరీ లేదు కాబట్టి లోహాలు లేవు" అనుకోవద్దు. సర్పెంటైన్ శిలలు అరిగి ఏర్పడిన నేలల్లో క్రోమియం, నికెల్ ఎవరూ పోయకుండానే చాలా ఎక్కువగా ఉంటాయి.

నేల స్వభావానికి కూడా పూర్వాపరాలే మొదటి ఆధారం. ఎండిన చెరువు, పాత నదీ గర్భం, మడ అడవులు ఉండిన తీరం, గాలి తెచ్చిపోసిన ధూళి మేటలు, రాళ్ళు తీసిన గుంటలో మెరక తోలిన స్థలం: ఒక్కోదానికి ఒక్కో జబ్బు.

## 2. రెండుసార్లు నడిచి చూడండి

ఒకసారి బాగా ఎండినప్పుడు, ఒకసారి గట్టి వాన పడిన మర్నాడు. ఒక్కసారే చూస్తే సగం సంగతులు తెలియవు.

ఎండలో చూడాల్సినవి:

- వేలు దూరేంత నెర్రెలు. ఉబ్బే బంకమట్టికి, అంటే నల్లరేగడి లాంటి దానికి, ఇదే మొదటి గుర్తు.
- పక్క ఇళ్ళ గోడల్లో కిటికీ, తలుపు మూలల నుంచి ఏటవాలుగా పోయిన బీటలు
- వాలిన ప్రహరీ, ఎత్తు పల్లాలైన నడవ
- గడ్డి మొలవని మచ్చలు, తెల్లని ఉప్పు పొర, పసుపుపచ్చ చారలు

వాన తర్వాత చూడాల్సినవి:

- గట్ల పక్కన చిన్న సొరంగాలు, ఉన్నట్టుండి కుంగిన గుంతలు
- రోజులు గడిచినా తేటపడని బురద నీళ్ళు. మట్టి నీళ్ళలో దానంతటదే విడిపోతోందని అర్థం.
- తుప్పు రంగు ఊట, కుళ్ళిన గుడ్డు వాసన. తీర ప్రాంతంలో ఇది కనిపిస్తే 5వ అంచెలో చెప్పిన పెరాక్సైడ్ పరీక్ష తప్పనిసరి.

నల్ల బూడిద, లోహం కరిగించిన చిట్టెం, పెయింటు పెచ్చులు, బ్యాటరీ పెంకులు ఎక్కడున్నాయో పటం మీద గుర్తు పెట్టుకోండి. కానీ పచ్చగా మొక్కలు పెరుగుతున్నాయని నేల శుభ్రమనుకోవద్దు. మొక్కకు ఏ ఇబ్బందీ కలిగించని మోతాదులోనే కాడ్మియం ఆకుల్లోకి చేరి తినేవాళ్ళకు ప్రమాదమవుతుంది.

## 3. సామాను

- స్టెయిన్‌లెస్ స్టీలు తాపీ, మట్టిలోకి తిప్పి దించే చేతి ఆగర్. జింక్ పూత పూసిన బకెట్లు, రంగు వేసిన పారలు వద్దు. వాటి పూతలోని లోహమే నమూనాలోకి వస్తుంది.
- ప్లాస్టిక్ బకెట్, కొత్త జిప్ సంచులు. పాదరసం అనుమానం ఉంటే గాజు సీసాలు
- చేతి తొడుగులు, ధూళిని ఆపే మాస్కు, ఆ పనికే కేటాయించిన బూట్లు
- డిస్టిల్డ్ వాటర్, పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే అంకె) మీటరు
- టేపు, మార్కర్, ఫోన్ కెమెరా, పటం

తాపీని ప్రతి చోటుకీ మధ్య కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి కడిగి తుడవాలి. ఇది విసుగు పని. కానీ దీన్ని వదిలేస్తే మిగతా శ్రమంతా అనుమానంలో పడుతుంది.

## 4. లోహాల నమూనాలు

స్థలాన్ని ముందు భాగాలుగా విడదీయండి: గోడ అడుగు, రోడ్డు వైపు, పిల్లలు ఆడే చోటు, మొక్కలు వేసే చోటు, అనుమానం ఉన్న మచ్చ. ఒక్కో భాగానికి ఒక్కో నమూనా. వీటిని ఒకదానితో ఒకటి కలపొద్దు. గోడ అడుగున ఉన్న సీసాన్ని పెరడు మధ్య మట్టితో కలిపితే సగటు అంకె బాగానే కనిపిస్తుంది, ప్రమాదం మాత్రం గోడ అడుగునే ఉంటుంది.

లోతు ఎంత అన్నది మట్టి మనిషిని ఎలా చేరుతుందన్న దాన్ని బట్టి:

- పిల్లలు ఆడే చోట పైనున్న 2 సెం.మీ. చేతికి, నోటికి చేరేది అదే.
- మొక్కల చోట 15 సెం.మీ. వరకు, లోతు వేళ్ళ పంటలైతే 30 సెం.మీ. దాకా
- తవ్వి మట్టి తీయబోయే చోట తవ్వే లోతంతా, పొర పొరకీ విడిగా

వరస ఇది:

1. ఒక భాగంలో 10 నుంచి 15 చోట్ల సమానంగా మట్టి తీయండి.
2. ఆకులు, రాళ్ళు ఏరేసి ప్లాస్టిక్ బకెట్‌లో కలపండి.
3. నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండింటిని ఉంచుకోండి. అరకిలో మిగిలే దాకా ఇలాగే చేయండి.
4. సంచి మీద భాగం పేరు, లోతు, తేదీ రాయండి. ఫోటో తీయండి.
5. అనుమానపు మచ్చల నుంచి కలపకుండా విడి నమూనా తీయండి.
6. ప్రతి 10 నమూనాలకు ఒకటి రెండుగా చీల్చి, వేరే పేరుతో అదే ల్యాబ్‌కు పంపండి. రెండు ఫలితాలూ దూరంగా వస్తే మొత్తం రిపోర్టునే ప్రశ్నించాలి.
7. అదే రకం మట్టి ఉండి, ఏ పనీ జరగని దగ్గరి చోటు నుంచి ఒక నమూనా తీయండి. ఎంత సహజమో, ఎంత చేరిందో చెప్పేది ఇదే.

పాదరసం, ఆరు వేలెన్సీ క్రోమియం (క్రోమియంలో ఎక్కువ విషమైన రూపం) కోసం తీసిన మట్టిని ఆరబెట్టొద్దు. పాదరసం ఆవిరై పోతుంది, క్రోమియం రూపం మారిపోతుంది. 4 డిగ్రీల దగ్గర చల్లగా ఉంచి త్వరగా పంపండి. సీసం, జింక్, రాగి వంటి మిగతావాటికి ఈ హడావుడి అక్కర్లేదు.

## 5. గొయ్యి, చేతి పరీక్షలు

పునాది లోతు కంటే కనీసం మీటరు కిందికి ఏముందో తెలియాలి. దానికి బోరు మంచిది. గొయ్యి తవ్వితే మాత్రం ఒక్క మాట: పక్కలకు ఆధారం లేని 1.2 మీటర్ల కంటే లోతైన గొయ్యిలోకి ఎవరూ దిగొద్దు. ఒక ఘనపు మీటరు మట్టి టన్నున్నర పైనే బరువుంటుంది. ఛాతీ దాకా కూరుకున్నా ఊపిరాడదు. మట్టి పైకి తీయించి పైనే చూడండి.

లోహాల ఫలితం రాకముందే తవ్వాల్సి వస్తే మట్టిని తడిపి తవ్వండి, టార్పాలిన్ మీద పోయండి, పొరల వారీగా విడిగా ఉంచండి.

సీసా పరీక్ష. పొడి మట్టిని పావు సీసా వరకు పోసి, నీళ్ళు నింపి, బాగా కుదిపి వదిలేయండి. ఇసుక నిమిషంలో దిగుతుంది, ఒండ్రు రెండు మూడు గంటల్లో. బంకమట్టి మర్నాటి దాకా తేలుతూ ఉంటుంది.

రిబ్బను పరీక్ష. తడి మట్టి ముద్దను బొటనవేలితో చూపుడువేలి మీద నొక్కి పట్టీలా సాగదీయండి. 5 సెం.మీ. దాటినా తెగకపోతే బంకమట్టి పాలు ఎక్కువ. అది ఉబ్బుతుందా లేదా అన్నది ల్యాబే చెప్పాలి. బంకమట్టిలో ఉండే ఖనిజం కేయొలినైట్ అయితే పెద్దగా ఉబ్బదు, మాంట్‌మొరిల్లొనైట్ అయితే బాగా ఉబ్బుతుంది.

పెళ్ల పరీక్ష. బఠాణీ గింజంత మట్టి పెళ్లను గాజు గ్లాసులోని డిస్టిల్డ్ వాటర్‌లో మెల్లగా వదలండి. కుళాయి నీళ్ళు వాడొద్దు, వాటిలోని లవణాలు ఫలితాన్ని దాచేస్తాయి. పెళ్ల చుట్టూ పాల మబ్బులా వ్యాపిస్తే అది విడిపోయే మట్టి. కట్టలకు, కాలువ గట్లకు, పునాది పక్క పూడ్పుకు అలాగే వాడితే లోపల సొరంగాలు పడతాయి. కేవలం విరిగి కుప్పగా కూలి, నీరు తేటగా ఉంటే ఈ జబ్బు లేదు.

కుంగుడు పరీక్ష. కదలని మట్టి గడ్డ నుంచి సమాన పరిమాణంలో రెండు ముక్కలు కోయండి. ఒకదాన్ని నలిపి, తడిపి, మళ్ళీ అదే ఆకారానికి తీసుకురండి. అది మొదటిదానికంటే స్పష్టంగా చిన్నదైతే లోపల గుల్ల ఎక్కువ. అలాంటి నేల పొడిగా ఉన్నంతకాలం రాయిలా నిలబడి, పైపు పగిలి నీరు చేరిన రోజున కూర్చుంటుంది.

పెరాక్సైడ్ పరీక్ష. తీర ప్రాంతపు బూడిదరంగు బురదమట్టికి ఇది చేయాలి. ముందు నీళ్ళతో కలిపి పీహెచ్ చూడండి. 4 లేదా అంతకంటే తక్కువైతే ఆమ్లం ఇప్పటికే పుట్టింది. తర్వాత 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కొద్దిగా వేసి, పొంగు ఆగాక మళ్ళీ చూడండి. 3 కంటే కిందికి పడిపోతే లోపల పైరైట్, అంటే ఇనుము గంధకం కలిసిన ఖనిజం, ఉందని బలమైన అనుమానం. గాలి తగిలితే అది గంధకామ్లం అవుతుంది. ఈ పెరాక్సైడ్ చర్మాన్ని కాలుస్తుంది, మరుగుతూ చిమ్ముతుంది. అద్దాలు, తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. చేయి తిరగనివాళ్ళు ల్యాబ్‌కే వదిలేయడం మేలు.

## 6. ల్యాబ్‌ను ఏం అడగాలి

"సాయిల్ టెస్ట్ చేయండి" అని ఇస్తే నత్రజని, భాస్వరం, పొటాష్ రిపోర్టు చేతికొస్తుంది. పేరు పెట్టి అడగండి.

నేల స్వభావానికి:

- లిక్విడ్ లిమిట్ (ఎంత తేమకు మట్టి జారుగా మారుతుందో), ప్లాస్టిక్ లిమిట్ (ఎంత తేమకు ముద్దగా నిలుస్తుందో), ఆ రెండింటి తేడా అయిన ప్లాస్టిసిటీ ఇండెక్స్
- ఫ్రీ స్వెల్ ఇండెక్స్
- కుంగుడు అనుమానం ఉంటే ఈడోమీటర్ పరీక్ష (బరువు కింద మట్టి ఎంత అణుగుతుందో కొలిచేది), పొడిగానూ తడిపీ
- నీళ్ళలో కరిగే సల్ఫేట్, క్లోరైడ్, పీహెచ్

లోహాలకు:

- పూర్వాపరాలు చెప్పిన లోహాల మొత్తం మోతాదు, ఆమ్లంలో కరిగించి, లోహాలను విడివిడిగా కొలిచే ఐసీపీ యంత్రంపై
- ఏదైనా ఎక్కువ వస్తే, నీటితో ఎంత కదులుతుందో చెప్పే లీచింగ్ పరీక్ష
- మట్టి పీహెచ్, సేంద్రియ పదార్థం

చేతిలో పట్టుకుని ఎక్స్‌రే కిరణాలతో లోహాలను కొలిచే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రంతో నిమిషాల్లో అంకె చెప్పేవాళ్ళున్నారు. ఎక్కడ ఎక్కువుందో వెతకడానికి అది చాలా బాగా పనికొస్తుంది. తుది మాటకు మాత్రం కాదు. తడి మట్టిలో అది తక్కువ చూపుతుంది, తక్కువ మోతాదు కాడ్మియాన్ని పట్టుకోలేదు. పైగా సీసం, ఆర్సెనిక్ రెండింటి ప్రధాన కిరణాలూ దాదాపు ఒకే శక్తి దగ్గర ఉండటంతో, సీసం ఎక్కువున్న చోట ఆర్సెనిక్ అంకెను నమ్మలేం.

## 7. అంకెలు చదవడం

ఫ్రీ స్వెల్ ఇండెక్స్ లెక్క సులువే. 425 మైక్రాన్ల జల్లెడ దిగిన 10 గ్రాముల పొడి మట్టిని ఒక కొలజాడీలో నీళ్ళలో, ఇంకోదానిలో కిరోసిన్‌లో వేసి 24 గంటలు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్ళలో అంతకంటే ఎంత శాతం ఎక్కువ చోటు ఆక్రమించిందో అదే ఇండెక్స్. 50 దాటితే జాగ్రత్త పడాల్సిన మట్టి, 100 దాటితే మామూలు పునాది మాట మర్చిపోండి. ప్లాస్టిసిటీ ఇండెక్స్ 12 లోపైతే ఉబ్బుడు తక్కువ, 23 దాటితే ఎక్కువ, 32 దాటితే చాలా ఎక్కువ.

కుంగుడు పరీక్షలో, 200 కిలోపాస్కళ్ళ ఒత్తిడి కింద తడిపినప్పుడు మట్టి ఎత్తు ఎంత శాతం తగ్గిందో చూడండి. 1 లోపు ఇబ్బంది లేదు, 5 నుంచి 10 మధ్య ఇబ్బందే, 10 దాటితే తీవ్రం.

లోహాల అంకె కిలో మట్టికి మిల్లీగ్రాముల్లో ఉంటుంది, పీపీఎం అన్నా అదే. మామూలు నేలల్లో సీసం 10 నుంచి 50 మధ్య, కాడ్మియం 1 కంటే తక్కువ ఉంటాయి. పరిమితులు దేశాన్ని బట్టి మారతాయి. ఇళ్ళ స్థలాల మట్టిలో సీసానికి అమెరికా పర్యావరణ సంస్థ చాలాకాలం 400ను హద్దుగా వాడి, 2024లో దాన్ని 200కు దించింది. పిల్లల రక్తంలో సీసానికి సురక్షితమైన మోతాదంటూ ఏదీ తేలలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. కాబట్టి హద్దు కంటే కొంచెం తక్కువ వచ్చిందని నిశ్చింతగా ఉండొద్దు. మీరు తీసిన సహజ నేల నమూనాతో పోల్చండి.

స్థలంలో బావి, బోరు ఉంటే నీళ్ళు కూడా పరీక్షించండి. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన విలువలు లీటరుకు ఆర్సెనిక్ 10, సీసం 10, కాడ్మియం 3 మైక్రోగ్రాములు.

## 8. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టండి

అసలు పని ఇక్కడుంది. తొందరపడొద్దు.

నేల జబ్బూ లోహాలూ కలిస్తే ఏమవుతుందో 1998 ఏప్రిల్‌లో స్పెయిన్‌లోని అస్నల్‌కొయ్యార్ దగ్గర తేలింది. గని వ్యర్థాల కట్ట కింద ఉన్న బంకమట్టి పొర జారి కట్ట తెగింది. ఆమ్లపు నీళ్ళూ, జింక్, సీసం, ఆర్సెనిక్ ఉన్న బురదా గ్వాదియామార్ నది వెంట పొలాల మీద పరుచుకున్నాయి. తర్వాత శుభ్రం చేసిన తీరు కూడా గమనించదగ్గది: బురద ఎత్తేశాక ఆమ్లం తగ్గడానికి, జింక్, కాడ్మియం కదలకుండా ఉండటానికి సున్నపు పదార్థం వేశారు, ఆర్సెనిక్ కోసం ఇనుము ఎక్కువున్న మట్టి విడిగా వేశారు. ఒకే మందు రెండింటికీ పనిచేయదు.

మన స్థలంలోనూ ఇదే సూత్రం. చూడాల్సిన జంటలు:

ఉబ్బే మట్టి, సీసం. పునాది కింద గట్టిపరచడానికి మట్టి బరువులో 3 నుంచి 8 శాతం సున్నం కలుపుతారు. అప్పుడు పీహెచ్ 12 పైకి వెళ్తుంది. సీసం ఆమ్లంలోనే కాక అంత క్షారంలో కూడా కరుగుతుంది. కలిపే ముందు సున్నం పట్టించిన మట్టి మీదే లీచింగ్ పరీక్ష చేయించండి. మామూలు మట్టి మీద చేసిన పరీక్ష ఇక్కడ చెల్లదు.

ఉబ్బే మట్టి, ఆర్సెనిక్. పీహెచ్ ఓ మోస్తరుగా పెరిగితే కాడ్మియం, జింక్ కుదురుకుంటాయి. ఆర్సెనిక్, ఆరు వేలెన్సీ క్రోమియం కదులుతాయి. ఇక్కడ సున్నం బదులు పునాది రూపమే మార్చుకోవడం నయం.

సీసం, ఆర్సెనిక్ రెండూ. సీసాన్ని పట్టి ఉంచడానికి ఫాస్ఫేట్ వేయమంటారు. సీసానికి అది నిజంగానే పనిచేస్తుంది. కానీ ఫాస్ఫేట్ ఆర్సెనిక్ స్థానాన్ని ఆక్రమించి దాన్ని నీళ్ళలోకి తోస్తుంది. పాత పండ్ల తోటల్లో ఈ పొరపాటు ఎక్కువ.

సల్ఫేట్, సున్నం. నీళ్ళలో కరిగే సల్ఫేట్ 3,000 పీపీఎం దాటిన బంకమట్టిలో సున్నం కలిపితే ఎట్రింగైట్ అనే ఖనిజం పుట్టి నేల మొదటికంటే ఎక్కువ ఉబ్బవచ్చు. 8,000 దాటితే సున్నం మాటే వద్దు. విడిపోయే మట్టికి ఒకరు జిప్సం వేసి వెళ్తే, తర్వాత వచ్చినవాళ్ళు సున్నం కలిపినా ఇదే తంతు. జిప్సం అంటే కాల్షియం సల్ఫేటే కదా.

పైరైట్ ఉన్న మట్టి, ఏ లోహమైనా. నీటి కింద ఉన్నంతకాలం ఇది నిద్రపోతుంది. తవ్వి పైన పోసినా, నీటి మట్టం దించినా ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం మట్టిలోని అల్యూమినియం, ఇనుము, ఇతర లోహాలను వదిలిస్తుంది, కాంక్రీటును తింటుంది. తవ్వకుండా ఉండటమే దీనికి మొదటి మందు. తప్పకపోతే వ్యవసాయ సున్నపురాయి పొడిని లెక్క కంటే ఒకటిన్నర రెట్లు కలుపుతారు.

నెర్రెలు, పైనున్న లోహాలు. మాంట్‌మొరిల్లొనైట్ మట్టి లోహాలను గట్టిగా పట్టుకుంటుంది, అది మంచిదే. కానీ తొలి వానకు నీళ్ళు మట్టిలోంచి కాక నెర్రెల్లోంచి తిన్నగా కిందికి దిగుతాయి. పట్టుకునే సమయమే ఉండదు. అలాంటి చోట బావి నీళ్ళను తొలి వానల తర్వాత ఒకసారి చూడాలి.

లోతు పైల్స్ (నేలలోకి దించే పునాది స్తంభాలు), కలుషిత పొర. కిందనున్న నీటి పొరను కాపాడుతున్న బంకమట్టిని పైల్ గుచ్చుకుని పోతే పై కాలుష్యానికి దారి దొరుకుతుంది. ఇంజనీరుకు లోహాల రిపోర్టు కూడా ఇవ్వాలి అనడానికి ఇదొక్కటి చాలు. మట్టిలో జింక్, సీసం ఎక్కువుంటే సిమెంటు గట్టిపడటం కూడా ఆలస్యమవుతుంది.

## 9. పని చేసే వరస

1. లోహాలున్న మట్టిని ముందు తేల్చండి: ఎత్తేయాలా, కప్పేయాలా. పునాది పని తర్వాతే.
2. ఎత్తేస్తే, అనుమతి ఉన్న చోటికే పంపాలి. పల్లంలో పోసి రావడం పరిష్కారం కాదు, ఇంకొకరి పెరట్లోకి నెట్టడమే.
3. కప్పేస్తే, కొట్టొచ్చినట్టు కనిపించే రంగు జియోటెక్స్‌టైల్ (నేలలో పరిచే గట్టి బట్ట) పరిచి, పైన 30 సెం.మీ. శుభ్రమైన మట్టి; కూరగాయల మడుల్లో 60 సెం.మీ. రేపు ఎవరైనా తవ్వితే ఆ రంగు కనపడి ఆగుతారు.
4. తెచ్చే మట్టిని కూడా పరీక్షించే తెప్పించండి.
5. తీసిన గొయ్యిని ఉబ్బని, నీరు సులువుగా దిగని మట్టితో పొరలుగా దిమ్మిస వేసి పూడ్చండి.
6. పునాది: ఉబ్బే నేలలో రుతువును బట్టి తేమ మారే పొర దాటి కిందికి వెళ్ళడం, లేదా అంతా ఒకటిగా కదిలే గట్టి రాఫ్ట్, అంటే ఇంటి కిందంతా ఒకే కాంక్రీటు పలక. కుంగే నేలలో ముందే తడిపి దిమ్మిస వేయడం. లోహాలుంటే ఆ తడి నీళ్ళు ఎటు పోతాయో చూడకుండా ఈ పద్ధతి ఎంచుకోవద్దు.
7. ఇంటి చుట్టూ మొదటి 3 మీటర్లలో కనీసం 15 సెం.మీ. వాలు బయటికి. డాబా నీళ్ళు పునాదికి దూరంగా వదలాలి.

మొక్కల వాళ్ళకు: పీహెచ్‌ను 6.5 నుంచి 7 మధ్య ఉంచండి, కంపోస్టు వేయండి. ఆర్సెనిక్ ఉన్న చోట పీహెచ్ ఇంకా పెంచొద్దు. అనుమానపు నేలలో ఆకుకూరలు, దుంపలు వద్దు. కాయలు కాసే మొక్కల్లోకి లోహాలు తక్కువ చేరతాయి. సీసం విషయంలో మొక్క పీల్చుకున్నదాని కంటే ఆకుకు, దుంపకు అంటిన మట్టే పెద్ద ప్రమాదం, కాబట్టి కడగడమే సగం రక్షణ.

## 10. తరచూ జరిగే తప్పులు, వాటి సవరణ

ఉబ్బే మట్టిలో పునాది పక్కన ఇసుక నింపడం. ఇసుక నీళ్ళు తాగుతుంది, పక్కనున్న బంకమట్టి కదలనివ్వదు, నీళ్ళు పునాది దగ్గరే నిలుస్తాయి. సవరణ: పై అర మీటరు ఇసుక తీసి, గట్టిగా దిమ్మిస వేసిన ఉబ్బని మట్టితో మూయండి. పైన ఏటవాలు కాంక్రీటు పట్టీ వేయండి.

మండుటెండల్లో నెర్రెలిచ్చిన నేల మీద తిన్నగా కాంక్రీటు పోయడం. వాన పడ్డాక నేల లేస్తుంది. సవరణ: పోయకముందే తెలిస్తే ఇంజనీరు చెప్పిన తేమకు నేలను తీసుకురండి. పోశాక తెలిస్తే తొందరపడి నీళ్ళు పెట్టొద్దు. ఒక వైపే ఉబ్బితే నష్టం పెరుగుతుంది.

గోడ పక్కనే పెద్ద చెట్టు. ఉబ్బే మట్టిలో చెట్టు ఎదిగాక ఉండే ఎత్తంత దూరమైనా ఉండాలి. ఉన్న చెట్టును ఉన్నపళంగా కొట్టేయడం కూడా తప్పే, ఎండిన మట్టి మళ్ళీ తేమ పట్టి ఉబ్బుతుంది.

కలుషిత మట్టిని పొడిగా ఊడవడం. సవరణ: తడిపి ఎత్తండి. బూట్లు గుమ్మం బయటే. ఆ బట్టలు విడిగా ఉతకాలి.

మెరక తోలి గడప కంటే నేల ఎత్తు పెంచడం. లోహాలను కప్పేశాం అనుకుంటారు, గోడలకు చెమ్మ ఎక్కుతుంది. కప్పే మందం చాలకపోతే ముందు కొంత తీసి తర్వాత కప్పండి.

## 11. అయ్యాక చూడాల్సినవి

- బీటల రెండు చివరలా పెన్సిల్ గీత, పక్కన తేదీ, వెడల్పు. కనీసం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూడకుండా మరమ్మతు చేయొద్దు.
- పైపుల లీకులు ఏడాదికొకసారి. నీటి మీటరు అన్నీ కట్టేసినా తిరుగుతుంటే వెంటనే.
- కప్పిన మట్టి మందం, కోత పడిందా అని ప్రతి వానాకాలం తర్వాత
- సున్నం, ఫాస్ఫేట్ వాడిన చోట బావి నీళ్ళు ఏడాదికి రెండుసార్లు: తొలి వానలకు, ఎండాకాలం చివర
- పిల్లలు ఆడిన చోట సీసం ఎక్కువ వచ్చి ఉంటే, మట్టి పని పూర్తయ్యేదాకా ఆగకుండా వాళ్ళకు రక్తపరీక్ష

నమూనాలు తీసిన చోట్ల పటం, రెండు రిపోర్టులు, కప్పిన చోటి ఫోటోలు ఒకే ఫైలులో పెట్టి ఇంటి కాగితాలతో ఉంచండి. అమ్మినా, ఇంకో గది కట్టినా తర్వాత తవ్వేవాళ్ళకు మొదట కావాల్సింది ఆ ఫైలే.